పాత ఫొటోల షోకి ఎల్ఈడీ వాల్ వద్దు, ప్రొజెక్టర్ చాలు: రాజమండ్రిలో అద్దెకు తీసుకుని చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. రాత్రిపూట, ఏసీ హాల్లో, రెండొందల మందికి మించని జనం ముందు ఇంట్లో పాత ఫొటోలు చూపించాలనుకుంటే ఎల్ఈడీ వాల్ జోలికి వెళ్ళకండి. మంచి ప్రొజెక్టర్, ముడతల్లేని తెల్ల తెర, సమయానికి హాల్లో లైట్లు ఆర్పే మనిషి ఒకరు, ఈ మూడూ ఉంటే చాలు. మా నాన్నగారి షష్టిపూర్తికి అలాగే చేశాం, బొమ్మ చాలా బాగా పడింది. అద్దెకిచ్చిన షాపు మీద మాత్రం కోపం ఉంది, మెచ్చుకోవాల్సింది కూడా ఉంది, రెండూ రాస్తాను. షాపు పేరు రాయను. ఒక్క ఫంక్షన్‌లో జరిగినదాన్ని పట్టుకుని ఒక చిన్న షాపుని వీధిలో నిలబెట్టడం నాకిష్టం లేదు. మీరు ఎక్కడ మాట్లాడుకున్నా పనికొచ్చేలా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో రాస్తున్నాను, పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

ముందు ఎల్ఈడీ వాల్ సంగతి. డెకరేషన్ మాట్లాడుకునేటప్పుడే వాళ్ళు 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వాల్ ఒకటి ప్యాకేజీలో కలిపి చెప్పారు, దానికి 18,000. మా బాబాయ్ అయితే "ఇప్పుడు ఎవరింట్లో చూసినా అదేగా అమ్మా, మనం పెట్టకపోతే బాగోదు" అన్నారు. "మనం చూపించేది డాన్సులు కాదు బాబాయ్, తాతయ్య ఫొటోలు" అన్నాను. ఆయనకి నచ్చలేదు. అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. వాల్ అంటే చిన్న చిన్న ఎల్ఈడీ ప్యానెళ్ళు పక్కపక్కన పేర్చి కట్టేది. అద్దెకి తిరిగే ప్యానెళ్ళలో 500 మిల్లీమీటర్ల చదరంగా ఉండే రకం బాగా వాడుకలో ఉంది. పీ3.9 అని చెప్పే రకమైతే ఒక్కో ప్యానెల్‌లో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు ఉంటాయి, ఒక చుక్క నుంచి పక్క చుక్కకి 3.9 మిల్లీమీటర్లు. మాకు చెప్పిన సైజుకి అడ్డంగా 7, నిలువుగా 5 ప్యానెళ్ళు పడతాయి. అంటే మొత్తం వాల్ మీద 896 బై 640, అంతా కలిపి 5,73,440 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌లో 1920 బై 1080, అంటే 20,73,600. వాల్ చూడ్డానికి గోడంత ఉంటుంది గానీ దాని మీద పడే వివరం ఫుల్ హెచ్‌డీలో పావు వంతుకి కాస్త ఎక్కువ, అంతే. దూరం నుంచి చూస్తే ఆ తేడా తెలియదు, నిజమే. పీ పక్కన ఎంత అంకె ఉంటే కనీసం అన్ని మీటర్ల దూరంలో కూర్చోవాలని ఒక మోటు లెక్క ఉంది, పీ3.9 కి దాదాపు 13 అడుగులు. కానీ షష్టిపూర్తిలో ముందు వరుసల్లో కూర్చునేది ఎవరు? నాన్నగారి అక్కలూ అన్నయ్యలూ. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళు, వాటిని అందరికన్నా దగ్గరగా చూడాల్సినవాళ్ళు వాళ్ళే.

నలుపు తెలుపు ఫొటోల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఆ ప్యానెళ్ళ వెలుగు చాలా ఎక్కువ, చీకటి చేసిన హాల్లో కళ్ళకి గుచ్చుకోకుండా బాగా తగ్గించాలి. అంతలా తగ్గించినప్పుడు ముదురు బూడిద రంగుల్లో తేడాలు పోతాయి, నీడలన్నీ కలిసి ఒకే నలుపైపోతాయి, లేదా పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. మా తాతయ్యది స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఒకటుంది, నల్ల కోటు, వెనక ముదురు తెర. కోటు ఎక్కడ అయిపోయిందో తెర ఎక్కడ మొదలైందో చెప్పే అంచంతా ఆ బూడిద రంగుల్లోనే ఉంది. అది పోతే ఫొటోలో తాతయ్య మొహం తప్ప ఏమీ మిగలదు. ఈ ఒక్క ఫొటో కోసమే అయినా నేను వాల్ ఒప్పుకునేదాన్ని కాదు. సంగీత్‌కో, పగటిపూట రిసెప్షన్‌కో, మంటపం దగ్గర జరిగేది వెనక వరుసల వాళ్ళకి లైవ్‌లో చూపించడానికో అయితే వాల్ నిజంగానే మంచిది, వెలుతురులో దాని ముందు అద్దె ప్రొజెక్టర్లు నిలవవు. దేనికి ఏది అన్నది చూసుకోవాలి.

ఇక ప్రొజెక్టర్ కోసం ఫోన్లు. ఎక్కడ అడిగినా మొదట చెప్పేది లూమెన్స్, అంటే మిషన్ ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత. "5,000 లూమెన్స్ మేడమ్, పగలు కూడా కనిపిస్తుంది" అని ఒకరు, "9,000" అని ఇంకొకరు. డబ్బాల మీద ఊరికే లూమెన్స్ అని వేసే ఆ అంకెల్ని నమ్మొద్దు. ఆన్సి లూమెన్స్ ఎంత అని అడగండి, ఆ కొలతకి ఒక పద్ధతి ఉంది. మోడల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లో చూసుకుంటే అర నిమిషంలో తేలిపోతుంది. చేతిలో పట్టేంత చిన్న మిషన్లు ఇంట్లో గోడ మీద సినిమా చూసుకోవడానికి సరిపోతాయి, ఫంక్షన్ హాల్‌కి కాదు. ఎనిమిది అడుగుల వెడల్పు బొమ్మకి 3,000 ఆన్సి లూమెన్స్‌కి తగ్గకుండా ఉండాలి, 3,500 ఉంటే టెన్షన్ ఉండదు.

ఇంకొకటి పట్టు చీరల గురించి. ఒక్క చిప్పుతో, తిరిగే రంగుల చక్రంతో పనిచేసే డీఎల్‌పీ మిషన్లు చాలావాటిలో తెలుపు వెలిగినంతగా రంగులు వెలగవు, చక్రంలో వెలుగు పెంచడానికి తెల్ల ముక్క కూడా పెడతారు కాబట్టి. తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు చూపించే ఆఫీసు మీటింగుకి అది బాగానే ఉంటుంది, కుంకుమ రంగు పట్టు చీర మాత్రం ఇటుక రంగులోకి దిగిపోతుంది. మూడు ప్యానెళ్ళతో పనిచేసే 3ఎల్‌సీడీ రకంలో తెలుపుకీ రంగులకీ వెలుగు సమానంగా ఉంటుంది. మన ఫంక్షన్ల ఫొటోల్లో ఎరుపూ పసుపూ బంగారమే ఎక్కువ కాబట్టి నేను ఎల్‌సీడీయే కావాలని పట్టుబట్టాను, అది వాళ్ళ దగ్గర దొరికింది. ఈ విషయం షాపాయనకి బాగా తెలుసు, నేను అడక్కముందే ఆయనే "చీరల రంగులు కావాలంటే ఎల్‌సీడీ తీసుకోండమ్మా" అన్నారు. ఆ మాటకే ఆయన దగ్గర అడ్వాన్స్ కట్టాను.

ఇప్పుడు కోపం సంగతి. "ఫుల్ హెచ్‌డీయేనా అండీ?" అని అడిగితే "ఆయ్, ఫుల్ హెచ్‌డీ సపోర్ట్ ఉందండి" అన్నారు. ఫంక్షన్ రోజు సాయంత్రం నాలుగింటికి రావాల్సిన మిషన్ ఐదున్నరకి వచ్చింది. ఆన్ చేసి మెనూ చూస్తే అది ఎక్స్‌జీఏ, అసలు చుక్కలు 1024 బై 768. ఫుల్ హెచ్‌డీ సిగ్నల్ ఇస్తే తీసుకుంటుంది, తీసుకుని తన చుక్కలకి కుదించి చూపిస్తుంది. 16:9 లో (వెడల్పు 16 వంతులైతే ఎత్తు 9 వంతులు) తయారుచేసిన మా ఫైలుకి అందులో దక్కేది 1024 బై 576, అంటే మేం వద్దనుకున్న ఎల్ఈడీ వాల్‌కీ దీనికీ చుక్కల్లో పెద్ద తేడా లేదు! నేను అడిగింది స్పష్టంగానే అడిగాను, ఆయనకి అర్థం కాకపోలేదు, స్టాకులో ఉన్నది అంటగట్టేద్దాం అనుకున్నారు. ఇది తప్పే. ఏడింటికి షో, హాలు నిండా బంధువులు, ఆ టైములో ఎవరు పోట్లాడతారు అన్న ధైర్యం. మీరు మాట్లాడుకునేటప్పుడు "సపోర్టు కాదండీ, నేటివ్ రిజల్యూషన్, అంటే మిషన్‌లో అసలున్న చుక్కలు, ఎన్ని?" అని అడగండి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర మెసేజ్ ఉంది కాబట్టి ఫోన్ చేసి గట్టిగా అడగగలిగాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు, దానికి మాత్రం మెచ్చుకోవాలి. ఇంకో చోట నుంచి ఫుల్ హెచ్‌డీ మిషన్ తెప్పించి, ఆరున్నర కాకముందే స్కూటర్ మీద ఆయనే స్వయంగా పట్టుకొచ్చారు. 3,300 లూమెన్స్, 3ఎల్‌సీడీ, ఆఫీసుల్లో వాడే రకం. దొరక్కపోతే ఏం చేయాలో కూడా చెబుతాను: ఎక్స్‌జీఏయే గతి అయితే స్లైడ్‌షోని 4:3 సైజులో మళ్ళీ తీసుకోండి, అప్పుడు పై నుంచి కింద వరకు 768 చుక్కలూ వాడుకోవచ్చు, నిలువు ఫొటోలకి చాలా తేడా వస్తుంది.

మిషన్ తెచ్చాక ఇంకో పని, మెనూలో ఇన్ఫోలోకి వెళ్ళి లాంప్ అవర్స్, అంటే బల్బు ఇప్పటికి ఎన్ని గంటలు వెలిగిందో, చూడండి. బల్బు ఆయుష్షు ఇన్ని గంటలు అని కంపెనీలు చెప్పేది మామూలుగా వెలుగు సగానికి పడిపోయే వరకు వేసిన లెక్క. బాగా వాడేసిన బల్బు ఉంటే 3,300 అన్నది కాగితం మీదే. అలాగే ఎకో మోడ్‌లో పెట్టి ఉంటే నార్మల్‌కి మార్చమనండి, ఫ్యాన్ చప్పుడు కొంచెం పెరుగుతుంది, బొమ్మ తేటపడుతుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, చాలా మంచి పనివాడు. మొదట అందరూ చేసేదే చేశాడు, స్టాండు ఒక పక్కగా, కుర్చీలకి అడ్డం లేకుండా పెట్టేసి, వంకర వచ్చిన బొమ్మని మెనూలో కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేశాడు. కీస్టోన్ ఎక్కువ తిప్పితే బొమ్మ నలుచదరం అవుతుంది గానీ అంచుల్లో చుక్కలు వృథా అవుతాయి, అక్షరాలు మసకబారతాయి. "తమ్ముడూ, కీస్టోన్ సున్నాకి తెచ్చేసి స్టాండే జరుపుదాం" అన్నాను. "మధ్యలో పెడితే జనం అడ్డం నడుస్తారక్కా" అన్నాడు, అదీ నిజమే. ఆ మిషన్‌కి త్రో రేషియో 1.5 దగ్గర ఉంది, అంటే 8 అడుగుల వెడల్పు బొమ్మ పడాలంటే 12 అడుగుల వెనక్కి పెట్టాలి, అది సరిగ్గా మూడో వరుస దగ్గరకి వచ్చింది. చివరికి ఆ వరుసలో మధ్య కుర్చీలు నాలుగు తీసేసి, స్టాండు పెట్టి, ముందు నడవకుండా రెండు వైపులా పూల కుండీలు అడ్డం పెట్టాడు. ఆ ఆలోచన అతనిదే. స్టేజీకి దగ్గరగా పెట్టుకోవాలంటే షార్ట్ త్రో రకం అడగొచ్చు, త్రో రేషియో 0.5 ఉంటే నాలుగడుగుల్లోనే ఎనిమిది అడుగుల బొమ్మ పడుతుంది, అద్దె కొంచెం ఎక్కువ.

తెర 8 బై 6 అడుగులది. 16:9 బొమ్మ అందులో నాలుగున్నర అడుగుల ఎత్తే వస్తుంది. మామూలుగా బొమ్మని మధ్యలో పెట్టి పైనా కిందా తొమ్మిదేసి అంగుళాలు వదిలేస్తారు. ఈ కుర్రాడు బొమ్మని తెర పై అంచుకి ఎత్తేసి, కింద మిగిలిన అడుగున్నరకి నల్ల గుడ్డ కట్టేశాడు. వెనక వరుసల వాళ్ళకి ముందువాళ్ళ తలలు అడ్డం రాలేదు, ఖాళీ తెలుపు కూడా కనిపించలేదు. ఇలాంటివి డబ్బులిచ్చి చేయించుకునేవి కావు, మనిషికి పని మీద ఇష్టం ఉంటేనే వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది లైట్లు, దీని గురించి ప్రొజెక్టర్ షాపువాళ్ళు ఎవరూ మాట్లాడరు. 3,300 లూమెన్స్‌ని మా బొమ్మ సైజుకి పంచితే ఎలా చూసినా 1,000 లక్స్ (చదరపు మీటరుకి పడే లూమెన్స్) దాటదు. వీడియో వాళ్ళ ఫోకస్ లైటు ఒక్కటి తెర వైపు తిరిగి ఉంటే చాలు, దాని వెలుగులో ఫొటోలన్నీ పాలిపోతాయి. హాల్లో లైట్ల స్విచ్‌లు ఎక్కడున్నాయో, ఏది ఏ లైటుదో, ఎవరు ఆర్పుతారో మధ్యాహ్నమే హాల్ ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోండి. మా హాల్లో షాండ్లియర్లకి ఒక స్విచ్, గోడ లైట్లకి ఒకటి, స్టేజీ వెనక డెకరేషన్ వాళ్ళు పెట్టిన రంగు లైట్లకి ఎక్కడో వాళ్ళ సొంత బోర్డు. వీడియో ఆయనతో మా తమ్ముడు ముందే చెప్పుకున్నాడు, "అన్నా, ఆరు నిమిషాలు ఫోకస్ లైటు ఆపేయాలి, మొహాలు చీకటిగా వచ్చినా ఫర్వాలేదు" అని. ఆయన ఒప్పుకుని తెర వెలుగులోనే పెద్దవాళ్ళ మొహాలు తీశారు, ఆల్బమ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫొటోలు అవే. మెట్ల దగ్గర, గుమ్మం దగ్గర లైట్లు మాత్రం ఆర్పొద్దు, పెద్దవాళ్ళు తిరుగుతుంటారు.

వైర్ల విషయంలో నా సలహా ఒక్కటే. ల్యాప్‌టాప్ స్టేజీ మీదా ప్రొజెక్టర్ హాలు మధ్యలో పెట్టి పొడుగాటి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగకండి. మామూలు కేబుల్ 10, 15 మీటర్లు దాటితే బొమ్మ మినుకుమినుకుమంటుంది, లేదా అసలు రాదు. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్ పక్కనే పెట్టుకుని, సౌండ్ మిక్సర్ దాకా ఆడియో వైరు లాగండి, హాల్లో ఉండే దూరాలకి అది పెద్దగా ఇబ్బంది పెట్టదు. హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండ్ ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్‌కి వెళ్ళిపోతుంది, ల్యాప్‌టాప్‌లో సౌండ్ అవుట్‌పుట్ హెడ్‌ఫోన్‌కి మార్చుకోవాలి. చార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్యిమని మోత వచ్చింది, చార్జర్ తీసేస్తే పోయింది, కాబట్టి బ్యాటరీ నిండా ఉంచుకోండి. వైఫై ఆపేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి, స్లీప్ సెట్టింగ్ తీసేయండి.

యూపీఎస్‌కి 500 అదనంగా అడిగారు. మా బాబాయ్ "హాల్లో జనరేటర్ ఉందిగా" అన్నారు. జనరేటర్ ఉన్నా అది అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది, పొద్దున హోమం జరుగుతుండగా కరెంటు పోయినప్పుడు చూశాం కదా. ట్యూబ్‌లైటుకి ఆ కొన్ని సెకన్లు లెక్కలోది కాదు. బల్బు ప్రొజెక్టర్ అలా ఆగిపోతే వేడి మీదున్న బల్బు చల్లారే వరకు మళ్ళీ సరిగ్గా వెలగదు, కొన్ని నిమిషాలు అందరూ చీకట్లో కూర్చోవాలి, బల్బుకి కూడా మంచిది కాదు. అలాంటి మిషన్ 300 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, కంప్యూటర్లకి వాడే 1 కేవీఏ యూపీఎస్ ఆ కాసేపు ఆదుకుంటుంది. ఆ 500 ఇవ్వండి, బేరం ఆడొద్దు.

ఫొటోల తయారీ గురించి కొంచెం. పాత ఆల్బమ్ ఫొటోల్ని సెల్‌ఫోన్‌తో తీసేసి పెట్టేస్తే ఎనిమిది అడుగుల తెర మీద ట్యూబ్‌లైటు మెరుపుతో సహా కనిపిస్తుంది. స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి, నాలుగు బై ఆరు ఫొటో 3600 బై 2400 వస్తుంది, తెరకి కావాల్సినదానికన్నా ఎక్కువే, తర్వాత కత్తిరించుకోవడానికి వీలుంటుంది. బంక పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోల్ని పీకకండి, పేజీ మొత్తం స్కాన్ చేసుకోండి. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకులు వాళ్ళ దగ్గరున్నవి వాట్సాప్‌లో మామూలుగా పంపారు, మళ్ళీ డాక్యుమెంట్‌గా పంపమని అడిగి తెప్పించుకున్నాం, అలా పంపితేనే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. రంగు వెలిసి ఎర్రబడిన ఫొటోలకి కొంచెం రంగు సరిచేస్తే చాలు. మొహాల్ని కొత్తగా చేసిచ్చే ఏఐ యాప్‌లు మాత్రం వాడొద్దని బతిమాలుతున్నాను. మా పెద్దనాన్న ఫొటోకి ఎవరో అలా చేసి పంపారు, కళ్ళు తళతళలాడుతున్నాయి, చర్మం నున్నగా ఉంది, అది మా పెద్దనాన్న కాదు. గీతలూ మరకలూ ఉన్నా ఆయన మొహమే కావాలి మాకు.

ఫొటోకి ఐదు సెకన్లు, గ్రూపు ఫొటోకి ఎనిమిది. గ్రూపులో జనం ఒక్కొక్కరినీ వెతుక్కుంటారు, తొందరగా మారిస్తే "అయ్యో" అని హాలంతా అంటుంది. మొత్తం ఆరు నిమిషాలు దాటనివ్వలేదు, భోజనాలకి ముందు వేశాం, భోజనాలు మొదలయ్యాక వేస్తే సగం మంది ప్లేట్ల దగ్గరే ఉంటారు. తెలుగులో పేర్లు, సంవత్సరాలు వేయాలనుకుంటే పవర్‌పాయింట్ ఫైలు పట్టుకెళ్ళకండి, వేరే ల్యాప్‌టాప్‌లో మీ ఫాంటు లేకపోతే అక్షరాల తీరంతా మారిపోతుంది. కొన్ని వీడియో యాప్‌లలో అయితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, తయారయ్యాక ఒక్కో పేరూ చదివి చూసుకోండి. ఎంపీ4 వీడియోగా, హెచ్264లో తీసుకుంటే ఎక్కడైనా ఆడుతుంది. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. ఫంక్షన్ యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంటే ఇంకో మాట, స్లైడ్‌షో వెనక సినిమా పాట పెడితే ఆ వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ పడి సౌండ్ పోవచ్చు. మేం మా మేనత్త పాడిన మంగళహారతి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాం, ఏ గొడవా లేదు, పైగా సినిమా పాటకన్నా అదే బావుంది.

ఇక బొమ్మ సంగతి. 1991 పుష్కరాల్లో కొత్త దంపతులుగా అమ్మానాన్న కోటిలింగాల రేవులో తడి బట్టలతో నిలబడ్డ ఫొటో, నాన్నగారు రోడ్డు కం రైలు వంతెన మీద సైకిల్ పట్టుకుని ఉన్నది, ఇవన్నీ బాగున్నాయి. నేను చెప్పాలనుకున్నది పెళ్ళి ఫొటో గురించి. 1990 లో తీసింది, తలంబ్రాలు పోస్తున్నది. ఆల్బమ్‌లో చూసినన్నాళ్ళూ మేం ఇద్దరి మొహాలే చూశాం, అరచేతి పొడుగు ఫొటో, ఇంకేం కనిపిస్తుంది. అంత పెద్దగా పడేసరికి అమ్మ భుజం వెనక, అరటి చెట్టు కట్టిన స్తంభం పక్కన, సగం మొహం మాత్రమే కనిపిస్తూ ఒకావిడ ఉంది, చేతిలో రాగి చెంబు, కొంగు బొడ్లో దోపుకుని ఏదో పని మీద వెళ్తూ ఒక్క క్షణం ఆగి చూస్తున్నట్టు. అది మా నాయనమ్మ. ఆవిడ ఫొటోలు మా ఇంట్లో చాలా తక్కువ, ఇందులో ఉందని ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరికీ తెలియదు. మా పెద్దత్తయ్య కుర్చీలోంచి లేచి "అమ్మే రా, అమ్మే" అంటూ తెర దగ్గరకి వెళ్ళిపోయారు, ఆవిడ చెయ్యి నీడ ఫొటో మీద పడింది. కుర్రాడు నా వైపు చూసి, నేను చెప్పకముందే స్పేస్ బార్ నొక్కి ఆపేశాడు. ఎల్ఈడీ వాల్ మీద అయితే ఆ ఫొటోకి వచ్చే చుక్కలు ఇందులో మూడో వంతు కూడా ఉండేవి కావు, ఆ సగం మొహం నాలుగు రంగు మచ్చలుగా ఉండేది, ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. బాబాయ్ ఆ తర్వాత వాల్ గురించి మాట్లాడలేదు.

బిల్లు. ప్రొజెక్టర్, తెర కలిపి 4,000, యూపీఎస్ 500, కుర్రాడి బత్తా 500. కేబుల్ చార్జి అని ఇంకో 300 వేశారు, ముందు చెప్పలేదు కాబట్టి ఇవ్వనని చెప్పాను, కొట్టేశారు. 5,000 తో పోయింది. ఇవి మా దగ్గర మాకు పడ్డ రేట్లు, ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో ఇంకా పెరగొచ్చు. ఆ కుర్రాడికి నాన్నగారు విడిగా బట్టలు పెట్టారు, షో అయ్యాక కూడా కూర్చుని, భోజనాలు చేసి వచ్చినవాళ్ళ కోసం రెండోసారి వేసి వెళ్ళాడు. షాపుకి ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ మొదటి మిషన్ తేకుండా ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కుర్రాడికైతే ఐదుకి ఐదు. మళ్ళీ అక్కడికే వెళ్తానా అంటే వెళ్తాను, మోడల్ నంబర్ ముందే రాయించుకుని, ముందు రోజే హాల్లో ఒకసారి వెలిగించి చూపించమని, అదే కుర్రాడిని పంపమని అడుగుతాను.

వచ్చే నెల మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఉంది. అది పగలు, కడియం వైపు ఒక తోటలో, షామియానా కింద. అక్కడ ప్రొజెక్టర్ పనికిరాదు, దానికి ఎల్ఈడీ వాలే మాట్లాడాం, పీ2.9 ప్యానెళ్ళు ఉన్నాయో లేదో చూసుకుని మరీ. పాత ఫొటోలు అందులో వేయడం లేదు, అవి ఆ రాత్రి ఇంట్లో డాబా మీద వేసుకుంటాం.